ఆకాశంలో లైన్ క్లియర్

శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో మా విమానం రన్‌వే వైపు మెల్లగా కదులుతున్నది. చెవులకు ఫోను తగిలించుకొని, కుర్చీ చేతిలో అమర్చిన చిన్న మీటను నొక్కుకుంటూ పోయాను. ఒక నంబరులో పాశ్చాత్య సంగీతం, మరొక దానిలో ఏదో హాస్య ప్రసంగం వినిపించాయి. తొమ్మిదో నంబరుకు వచ్చేసరికి సంగీతం ఆగిపోయింది. గరగర చప్పుడు మధ్య ఒక మగ గొంతు గబగబ కొన్ని అంకెలు చదివింది. మరుక్షణంలో ఇంకొక గొంతు అవే అంకెలను, అదే వరుసలో, తిరిగి చెప్పింది. నా ఒళ్ళు జలదరించింది. ఆ పద్ధతి నాకు కొత్త కాదు. ముప్పై ఆరేళ్ళపాటు నేను చేసిన ఉద్యోగమే అది.

అది 2007 జూన్ నెల. అంతకు ముందు ఏడాదే రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పదవీ విరమణ చేశాను. కాలిఫోర్నియాలో కుమారుడి ఇంట మూడు వారాలు గడిపి, చికాగోలో ఉన్న కుమార్తె దగ్గరకు భార్యతో కలిసి బయలుదేరాను. బేగంపేటలో విమానం ఎక్కి అమెరికా చేరేవరకు నేను పడిన భయం నా భార్యకు మాత్రమే తెలుసు. బండ్లు నడిపించినవాడికి ఈ పిరికితనమేమిటని పాఠకులు నవ్వవచ్చు. స్టేషనులో నా ముందు ఏ బండి ఉన్నదో, వెనుక ఏది వస్తున్నదో నాకు తెలిసేది. విమానంలో కూర్చున్నవాడికి ఏమీ తెలియదు. కుదుపు వస్తుంది, ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పరు.

ఈ సంగతి గ్రహించి మా అబ్బాయి బయలుదేరేటప్పుడు ఒక మాట చెప్పాడు: "నాన్నగారూ, తొమ్మిదో ఛానల్ పెట్టుకొని కూర్చోండి. మీకు స్టేషనులో కంట్రోల్ ఫోను గుర్తుకు వస్తుంది."

యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారి విమానాలలో ఆ రోజుల్లో ఈ సదుపాయం ఉండేది. పైలట్లకూ, నేలమీది కంట్రోలర్లకూ మధ్య జరిగే రేడియో సంభాషణను ప్రయాణీకులు కూడ వినవచ్చు. అయితే అది కెప్టెన్ ఇష్టం. ఆయన వద్దనుకుంటే ఛానల్ మూగబోతుంది. ఆ రోజు మా కెప్టెన్ ఉదారుడు.

మొదటి పది నిమిషాలు ఏమీ అర్థం కాలేదు. ఒకే రేడియోలో డజను విమానాలు వంతులవారీగా మాట్లాడుతున్నవి. క్రమంగా చెవి అలవాటు పడింది. ప్రతి విమానానికీ ఒక పిలుపు ఉన్నది: కంపెనీ పేరు, తరువాత అంకెలు. కొన్ని కంపెనీలకు ముద్దుపేర్లున్నవి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారిది 'స్పీడ్‌బర్డ్'. ఎడారి రాష్ట్రమైన అరిజోనా నుంచి నడిచే ఒక కంపెనీని అప్పట్లో 'కాక్టస్' అని పిలిచేవారు. పెద్ద విమానాల పిలుపు చివర 'హెవీ' అని చేరుస్తారు; వాటి వెనుక గాలి సుడులు తిరుగుతుంది గనుక తక్కినవారు దూరం పాటించాలి. అంకెలను కూడ మనం బడిలో నేర్చుకున్నట్లు పలకరు. తొమ్మిదిని 'నైనర్' అంటారు. గాలిహోరులో 'ఫైవ్', 'నైన్' ఒకదానికొకటి వినబడితే ప్రాణాలమీదికి వస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది తిరిగి చెప్పటం. కంట్రోలరు 'ఫలానా ఎత్తుకు ఎక్కండి' అంటే, పైలట్ 'సరే' అని ఊరుకోరాదు. ఆ ఎత్తును, తన పిలుపును కలిపి తిరిగి చదవాలి. కంట్రోలరు దానిని చెవిపెట్టి వినాలి. పొరపాటు ఉంటే అక్కడికక్కడే దిద్దాలి.

విమానం సియెరా నెవాడా పర్వతాలు దాటింది. కిటికీ పక్కన నా భార్య నిద్రపోతున్నది. నేను ఆమెమీదుగా వంగి నెవాడా ఎడారిని, తరువాత తెల్లగా మెరిసే ఉప్పు సరస్సును చూస్తూ గొంతులు వింటున్నాను. అమెరికా ప్రధాన భూభాగం మీది ఆకాశాన్ని 20 కేంద్రాలు పంచుకొని కాపలా కాస్తున్నవి. ఓక్లాండు కేంద్రం మమ్మల్ని సాల్ట్ లేక్‌కు అప్పగించింది, సాల్ట్ లేక్ డెన్వరుకు. అప్పగింత జరిగిన ప్రతిసారీ కంట్రోలరు కొత్త రేడియో నంబరు చెప్పేవాడు. పైలట్ తిరిగి చదివి, 'గుడ్ డే' అనేవాడు. సెక్షన్ కంట్రోలరు ఒక బండిని పక్క సెక్షనుకు ఒప్పజెప్పటం నాకు గుర్తుకు వచ్చింది. మన ఆకాశంలో ఆ 'గుడ్ డే' చోట తరచుగా 'నమస్కార్' అనే మాట వినిపిస్తుంది.

వయోమింగు మీద ముందు పోతున్న విమానాలు కుదుపుల గురించి చెప్పుకోసాగినవి. 33,000 అడుగుల దగ్గర ఎలా ఉన్నది, 37,000 దగ్గర నయమా అని పైలట్లు అడుగుతున్నారు. కంట్రోలరు ముందువారి అనుభవాన్ని వెనుకవారికి అందిస్తున్నాడు. అయిదు నిమిషాల తరువాత మా విమానం కుదిపింది. వెనుక వరుసలో ఎవరో కెవ్వుమన్నారు. నేను కదలలేదు. ఆ కుదుపు వస్తున్నదని నాకు ముందే తెలుసు. మాకంటె ముందు ముగ్గురు దానిని దాటి క్షేమంగా పోతున్నారని కూడ తెలుసు. ఆ ప్రయాణం మొత్తంలో నా భయం వదిలిన క్షణం అదే.

నెబ్రాస్కాకు వచ్చాము. కింద పొలాలు చక్రాలవలె గుండ్రంగా ఉన్నవి. మధ్యలో ఇరుసు చుట్టూ నీటి గొట్టం తిరిగి తడిపే సేద్యం అది. మేము 35,000 అడుగుల ఎత్తున పోతున్నాము. మాకు దిగువన 31,000 అడుగుల దగ్గర ఉన్న ఒక విమానం కుదుపులు భరించలేక పైకి అడిగింది. కంట్రోలరు 'త్రీ త్రీ జీరో', అంటే 33,000 అడుగులు, అనుమతించాడు. పైలట్ తిరిగి చదువుతూ 'త్రీ ఫైవ్ జీరో' అన్నాడు.

అది మా ఎత్తు.

ఆ ఎత్తులలో రెండు విమానాల మధ్య నిలువుగా 1,000 అడుగులో, లేక అడ్డంగా 5 నాటికల్ మైళ్ళో ఎడం ఉండాలి. కంట్రోలరు గొంతు హెచ్చలేదు. 'నెగెటివ్' అని, 'త్రీ త్రీ జీరో' అని మళ్ళీ చెప్పాడు. పైలట్ సరిగా తిరిగి చదివి, క్షమాపణ చెప్పుకున్నాడు. అంతా నాలుగైదు క్షణాలు. ఎవరి కాఫీ తొణకలేదు. నా భార్య నిద్రలో అటు తిరిగి పడుకున్నది. నాకు మాత్రం ఇరవై ఆరేళ్ళ నాటి ఒక రాత్రి కళ్ళముందు నిలిచింది.

1981 ఆగస్టులో కోస్తాలోని ఒక సింగిల్ లైను మార్గంలో చిన్న స్టేషనుకు నేను మాస్టరును. ఆ రాత్రి పిడుగు పడి బ్లాకు యంత్రం పనిచేయటం మానింది. అటువంటప్పుడు పక్క స్టేషనుతో ఫోనులో మాట్లాడి, లైన్ క్లియర్ పొంది, కాగితం టిక్కెట్టు వ్రాసి డ్రైవరుకు ఇవ్వాలి. లైన్ క్లియర్ ఇచ్చే మాస్టరు తన పట్టికలోనుంచి ఒక రెండంకెల సంఖ్య చెప్తాడు. దానిని ప్రైవేట్ నంబరు అంటారు. అడిగినవాడు దానిని తిరిగి చదివి వ్రాసుకోవాలి.

నా దగ్గర ఒక గూడ్సు బండి నిలిచి ఉన్నది. అవతలి స్టేషనులో ఒక పాసింజరు కాచుకొని ఉన్నది. వర్షపు హోరులో ఫోను ఎత్తి, బండి నంబరైనా చెప్పకుండా, "లైన్ క్లియర్, మాస్టారూ" అన్నాను. నేను అడిగాననుకున్నాను. నేను ఇచ్చాననుకున్నారు ఆయన. "సరే" అన్నారు. ఆ ఒక్క 'సరే' ఇద్దరికీ సరిపోయింది. కాగితం వ్రాయటం మొదలుపెట్టాను. నంబరు వ్రాయవలసిన చోట కలం ఆగింది.

"ప్రైవేట్ నంబరు చెప్పండి, మాస్టారూ."

కాసేపు ఉరుము తప్ప ఏమీ వినిపించలేదు. "అదేమిటండీ, నంబరు ఇవ్వవలసింది మీరు కదా" అన్నారాయన.

తరువాత ఇద్దరమూ చాలాసేపు మాట్లాడలేదు. గూడ్సును ఆపాను. ముందు పాసింజరును రానిచ్చాను. అది వచ్చి నిలిచినప్పుడు కిటికీలలో నిద్రపోతున్న ముఖాలు చూచాను. ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టటానికి ధైర్యం చాలలేదు. పొరపాటు నాది. ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నెల తిరగకుండానే ఆయనకు బదిలీ అయింది. ఆయన ముఖం నేను ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం నేటికీ గుర్తుపట్టగలను.

ఆకాశంలో ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. 1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫే విమానాశ్రయంలో పొగమంచు కమ్మి ఉండగా రెండు జంబో విమానాలు రన్‌వే మీదనే ఢీకొని 583 మంది మరణించారు. టవరు వారు ఒక విమానానికి 'ఓకే' అని, ఆ వెంటనే ఆగవలసిందిగా చెప్పారు. సరిగా అదే క్షణంలో రెండవ విమానం తాను ఇంకా రన్‌వే మీదనే ఉన్నానని చెప్పింది. ఒకే రేడియోలో ఇద్దరు ఒక్కసారి మాట్లాడితే కీచుమనే చప్పుడు వస్తుంది. మొదటి విమానంలో స్పష్టంగా వినిపించినది ఆ 'ఓకే' ఒక్కటే. అప్పటినుంచి 'టేకాఫ్' అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చినదానిని రద్దు చేసేటప్పుడు తప్ప వాడరాదని నియమం వచ్చింది. వట్టి 'ఓకే' కు విలువ పోయింది.

మన దేశంలోనూ అటువంటి గాయం ఉన్నది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద, ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానమూ, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానమూ ఢీకొని, రెండింటిలోని 349 మందీ మరణించారు. ఒకరికి 14,000 అడుగులు, మరొకరికి 15,000 అడుగులు కేటాయించి ఉన్నది. దిగుతున్న విమానం తన ఎత్తు దగ్గర ఆగలేదు. ఇంగ్లీషు సరిగా అర్థం కాకపోవటం కూడ ఒక కారణమని విచారణలో తేలింది. తరువాత ఢిల్లీలో వచ్చేవాటికీ పోయేవాటికీ వేరు దారులు ఏర్పరచారు. ఎదురు విమానాన్ని పసిగట్టి హెచ్చరించే యంత్రాన్ని తప్పనిసరి చేశారు. రేడియోలో మాట్లాడేవారి ఇంగ్లీషుకు అంతర్జాతీయ ప్రమాణాలు 2008 మార్చి నుంచి వర్తించసాగినవి.

చికాగో దగ్గరపడింది. ఓహేర్ విమానాశ్రయపు కంట్రోలరు ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నాడు. పది విమానాలను పేరుపేరునా పిలిచి దారి చూపుతున్నాడు. పదిమందీ తిరిగి చదువుతున్నారు. చక్రాలు నేల తాకినవి. చివరి 'గుడ్ డే' వినేవరకు ఫోను తీయలేదు. ఆ పైలట్లు, ఆ కంట్రోలర్లు ఒకరి ముఖం ఒకరు చూచి ఉండరు.

నేడు విమానాలలో తొమ్మిదో ఛానల్ దాదాపు కనుమరుగైంది. పాత విమానాలతోపాటు అదీ పోయింది. ఇంటర్నెట్టులో అనేక దేశాల విమానాశ్రయాల సంభాషణలు వినవచ్చు గాని, తన ప్రాణం ఏ మాటమీద ఆధారపడి ఉన్నదో ఆ మాటను అప్పటికప్పుడు వినటం వేరు.

విమానం దిగగానే, అబ్బాయి ఇచ్చిన సెల్‌ఫోను మ్రోగింది. "నాన్నా, టెర్మినల్ ఒకటి, కింది అంతస్తు, మూడో ద్వారం దగ్గర ఉన్నాను" అన్నది అమ్మాయి.

"టెర్మినల్ ఒకటి, కింది అంతస్తు, మూడో ద్వారం" అన్నాను.

"వినపడిందిగా! మళ్ళీ ఎందుకు చెప్తున్నావు?" అని నవ్వింది.

"అలవాటమ్మా" అన్నాను. ఆ రాత్రి భోజనాలైన తరువాత, ఇరవై ఆరేళ్ళుగా దాచిన సంగతి తల్లీ కూతుళ్ళిద్దరికీ మొదటిసారి చెప్పాను.