మోటారుసైకిలు ఊపిరి

చెన్నపట్టణము, మైసూరు, హోసూరు. ఈ మూడు ఊళ్ల నడుమ తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. దక్షిణాది మోటారుసైకిలు చరిత్రలో పెద్దభాగము కూడ ఈ మూడు ఊళ్లదే. 1955లో నాటి మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా వెలసినది. 1961 నుండి 1996 వరకు మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము మొదట జావాలను, పిమ్మట యెజ్డీలను తయారుచేసినది. 1980లో హోసూరు నుండి టి.వి.ఎస్. 50 మోపెడు బయలుదేరినది. కనుక మన సంఘపు సంచికలో సంగీత సాహిత్యముల నడుమ ఇంజనాయిలు వాసన కొంచెము తగిలినను చదువరులు మన్నింతురని తలంచెదము. హోసూరు తెలుగు ఇండ్లలో పండుగనాడు అల్లుళ్లు చేరినప్పుడు సగము సంభాషణ పద్యముల మీద కాదు, మైలేజీ మీదనే నడచును.

ఆ సంభాషణలలో నేడు తరచుగా వినవచ్చు మాట, "బండికి ఊపిరాడుట లేదు" అనునది. దానికి కుర్రవారు కనుగొన్న చికిత్స ఒక్కటే. బండితో వచ్చిన ఫిల్టరు పెట్టెను ఊడదీసి, కార్బురేటరు మూతికి శంకువువలె నుండు చిన్న ఫిల్టరును తగిలింతురు. దీనికి కోను ఫిల్టరని పేరు. రోగనిర్ణయములో కొంత సత్యము లేకపోలేదు. చిక్కంతయు చికిత్సలోనే యున్నది.

ఇంజను ఊపిరి ఎంతటిదో మొదట లెక్కించి చూతము. పాత బుల్లెట్టు ఇంజను 346 సీసీలది. నాలుగు స్ట్రోకులది గావున రెండు చుట్లకు ఒకమారు గాలి పీల్చును. నిమిషమునకు 4,000 చుట్లు తిరుగునపుడు 2,000 మారులు పీల్చవలెను. ప్రతిమారు సిలిండరు నిండినచో నిమిషమునకు సుమారు 690 లీటర్ల గాలి యగును. మనిషి ఊరక కూర్చున్నపుడు నిమిషమునకు ఆరేడు లీటర్లు పీల్చును. అనగా ఒక్క బుల్లెట్టు వందమంది ఊపిరిని పీల్చుచున్నది! ఒక్కొక్క పీల్పునకు దానికి దొరకు వ్యవధి సెకనులో ఇంచుమించు 130వ వంతు. ఇంత తొందరలో సిలిండరు పూర్తిగా నిండదు. ఆ లోటును తగ్గించుటయే గాలిదారిని బాగుచేయుట. ఇక పెట్రోలు సంగతి. తూకములో ఒక పాలు పెట్రోలు సరిగా మండుటకు 14.7 పాళ్ల గాలి కావలెను. లీటరు పెట్రోలునకు తొమ్మిదివేల లీటర్లకు పైమాటే. పెట్రోలు ధరకు నిట్టూర్చువారే గాని, దానితో కూడ ఉచితముగా వచ్చు గాలిని తలచువారు లేరు.

ఈ పాళ్లు కుదుర్చునది కార్బురేటరు. దాని కంఠము సన్నముగా నుండును. అందుగుండ గాలి వేగముగా పోవునపుడు అచట పీడనము తగ్గి, క్రింది గిన్నెలోని పెట్రోలు జెట్టు రంధ్రము గుండ పైకి ఎగయును. ఫిల్టరు పెట్టె గాలిని కొంత అడ్డగించుటచే కంఠములో పీడనము మరికొంత తగ్గును. జెట్టు కొలతను నిర్ణయించినవారు ఆ అడ్డును కూడ లెక్కలోనికి తీసికొనియే నిర్ణయించిరి. ఇప్పుడు పెట్టెను తీసివేసినచో గాలి పెరుగును, పెట్రోలును లాగు శక్తి తగ్గును. జెట్టు మాత్రము పాతదే. మిశ్రమము పలుచనగును. పలుచని మిశ్రమము నెమ్మదిగా మండి, ఎగ్జాస్టు వాల్వు తెరచుకొను వేళకు కూడ మంట ఆరక, ఆ వాల్వు అంచును కాల్చును.

ఇది మా ఇంటనే జరిగినది. మా బావగారు హోసూరులో మెకానిక్కు పని చేసినవారు. ముప్పదియేండ్లు ఒకే బుల్లెట్టును నడిపి 2019లో కాలము చేసిరి. బండి మా మేనల్లునికి వచ్చినది. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగియువేళ బస్సుండదు. ఆ బండియే వానికి ఆధారము. మా చెల్లెలికి అది వేరొక విధమున ఆధారము. తెల్లవారుజామున వీధి మలుపులో ఆ చప్పుడు వినబడగానే లేచి పొయ్యి వెలిగించుట ఆమెకు ముప్పదియేండ్ల అలవాటు. ఒకనాడు మేము వెళ్లగా, "అన్నా, బండి గొంతు మారిపోయింది. అది మీ బావ బండి అనిపించడంలేదు" అన్నది. వెళ్లి చూడగా పెట్టె లేదు, కోను ఫిల్టరున్నది. మేనల్లుడు మాత్రము సంబరపడుచు, "గాలి ఎక్కువ పోతే బలం పెరుగుతుందంట మామా. శబ్దం చూడు ఎట్లుందో!" అనెను.

ఆ శబ్దమే మోసము. ఫిల్టరు పెట్టె దుమ్మును ఆపుటయే గాక, పీల్పు మోతను మ్రింగుచుండును. పెట్టె పోయినచో ఆ మోత నేరుగా మోకాలి ప్రక్కనే వినవచ్చును. చెవికి మోత పెరిగినది గావున మనస్సు బలము పెరిగినదనును. పైగా సిలిండరు ప్రక్కనే వ్రేలాడు కోను దాని వేడిగాలినే పీల్చును. గాలి పది డిగ్రీలు వేడెక్కినచో సాంద్రత సుమారు నూటికి మూడు పాళ్లు తగ్గును. కార్బురేటరు కంఠములో వ్రేలు పెట్టి తుడువగా ఎర్రదుమ్ము అంటినది. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు పిస్టను రింగులను ఆకురాయివలె అరగదీయును. మేనల్లునికి ఇదంతయు చెప్పితిమి. వాడు విననట్లు విని, బండి తుడుచుకొనుచుండెను.

మూడు నెలలు గడచినవి. మార్గశిరమున చెన్నపట్టణములో బంధువుల పెండ్లికి వాడు బండి మీదనే బయలుదేరెను. హోసూరు సముద్రమునకు తొమ్మిదివందల మీటర్లకు దగ్గర ఎత్తున నున్నది. అచట గాలి సముద్రతీరమున కంటె సుమారు నూటికి పది పాళ్లు పలుచన. గాలి పలుచనైనచో మిశ్రమములో పెట్రోలు పాలు కొంత హెచ్చును. ఉదకమండలము ఎక్కిన పాతబండ్లు నల్లపొగ గ్రక్కుటకు ఇదియే కారణము. హోసూరులో ఈ హెచ్చు కోను చేసిన కీడును కొంత కప్పిపుచ్చినది. కృష్ణగిరి మీదుగా క్రిందికి దిగుకొలది గాలి చిక్కబడినది, ఆ కప్పు తొలగినది. చలికాలపు ఉదయపు చల్లగాలి ఇంకను చిక్కన. మూడు నెలలుగా కాలుచున్న వాల్వు వాలాజాపేట దాటిన పిదప పనిచేయుట మానినది. పెండ్లికి వాడు లారీలో చేరెను, బండి మరునాడు వ్యానులో ఇల్లు చేరెను.

కోను తగిలించిన షాపువారు చూచి, "పాత బండి, పాత ఇనుముకు అమ్మేయండి" అనిరి. ఆ మాటకు మా చెల్లెలు బదులు చెప్పక లోనికి పోయినది. మేనల్లుడు ఆ సాయంత్రమే బావగారి పనిముట్ల పెట్టెను మా ఎదుట తెచ్చి పెట్టెను.

మరమ్మతునకు వాని ఒక నెల జీతము పట్టినది. క్రొత్త వాల్వు వేసి, దాని కూర్చుండుచోటును సానపట్టించితిమి. పిమ్మట గాలిదారిని చివరినుండి చివరివరకు చూచితిమి. ఇచట దొరకిన వింత చదువరులకు చెప్పదగినది. ఇంజనుకు ఊపిరాడకపోవుట మొదటినుండియు నిజమే! పెట్టెనుండి కార్బురేటరునకు పోవు రబ్బరు గొట్టము లోపలి పొర ఊడి, సగము దారిని మూసియున్నది. పాత కాగితపు ఫిల్టరు మట్టితో గట్టిపడియున్నది. కార్బురేటరునకు, ఇంజనునకు నడుమ నుండు గాస్కెట్టు రంధ్రము చిన్నదై, దాని అంచు దారిలోనికి పొడుచుకొని వచ్చియున్నది. వేగముగా పోవు గాలికి అట్టి అంచు ఏటి నడుమ బండ వంటిది. గొట్టమును, ఫిల్టరును మార్చి, గాస్కెట్టును దారి కొలతకు కత్తిరించి, పోతలో మిగిలిన మెట్టును సన్నని ఆకురాయితో నునుపు చేసితిమి. అద్దమువలె మెరయింపలేదు, దాని అవసరమును లేదు. ఇంజను నడచుచుండగా అతుకుల మీద నాలుగు చుక్కల ఇంజనాయిలు వేసి చూచితిమి. అతుకు గాలి లాగుచున్నచో చుక్క లోనికి పోయి ఇంజను వేగము మారును. మారలేదు.

జెట్టు జోలికి చివరనే పోతిమి. ఎదురెక్కుడున నిండు త్రాటిలులో నడిపి, అచటనే ఇంజనాపి, ప్లగ్గును విప్పి చూడవలెను. తెలుపైనచో పలుచన, మసియైనచో చిక్కన, ఇటుకపొడి వన్నె సరియైనది. మొదటి పరీక్షలో కొంచెము తెలుపు, జెట్టు ఒక్క కొలత పెంచగా ఇటుక వన్నె వచ్చినది.

పందెపు బండ్ల మాట వేరు. షోలవరపు పాత విమానపు బాట మీద పందెములు జరిగిన కాలమున మేమును చూచితిమి. ఫిల్టరు లేదు, కార్బురేటరు మూతికి గుండ్రని అంచుగల బాకా యుండెడిది. గొట్టపు కోసు అంచు వద్ద గాలి ముడుచుకొనును, గుండ్రని అంచు వద్ద జారిపోవును. బాకా పొడవును బట్టి గాలి అలలు వాల్వు మూసికొను సమయమునకు తిరిగివచ్చి, సిలిండరులోనికి మరికొంత గాలిని త్రోయును. కాని ఆ ఇంజను పందెము ముగియగనే విప్పబడును. రాత్రి షిఫ్టు బండిని ప్రతి ఉదయము విప్పువారెవరు? 2020 ఏప్రిల్ నుండి వచ్చు బీఎస్-6 బండ్లలో చాలవాటికి ఇంజెక్షనున్నది. పొగలోని ఆక్సిజనును కొలిచి అవి కొంతమేర తమంతట సర్దుకొనును, అదియు ఒక హద్దువరకే. కంపెనీ అమరికను మార్చుట విషయమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను కూడ నున్నదని కుర్రవారు తెలిసికొనుట మేలు.

శూళగిరి దగ్గరి మెరకలో మునుపు మూడవ గేరునకు దిగిన బండి ఇప్పుడు నాలుగవ గేరులోనే ఎక్కుచున్నది. ఫిల్టరు దులిపిన తేదీలను మేనల్లుడు షెడ్డు గోడమీద బావగారి చేతివ్రాత క్రిందనే సుద్దతో వ్రాయుచున్నాడు. మొన్న సంక్రాంతికి మాత్రము, "సైలెన్సరు మారిస్తే ఎట్లుంటుంది మామా?" అని మెల్లగా కదిపెను. మా చెల్లెలు వంటయింటినుండి తొంగిచూచినది. ఆ ప్రస్తావన ఇంకను తెగలేదు.