గ్లాసు బీరుకు తెల్లవారుజాము క్యూ!

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరానికి గంటకు పైగా ప్రయాణిస్తే వస్తుంది శాంటారోజా. ద్రాక్షతోటలకు పేరున్న ఈ ప్రాంతంలో మార్చి చివర మాత్రం సందడంతా ఓ బీరుదే! రష్యన్ రివర్ అనే సంస్థ 2005లో మొదలుపెట్టిన 'ప్లైనీ ద యంగర్'ను తన పబ్బుల్లో ఏడాదికోసారి, అదీ రెండువారాలే పోస్తుంది.

దానికోసం తెల్లవారకముందే మడతకుర్చీలతో వచ్చి బారులు తీరతారు జనం. కొత్త సినిమాకి మొదటిరోజు మన థియేటర్ల దగ్గరుండే హడావుడే అక్కడా! గంటలకొద్దీ నిలబడేసరికి ముందువారూ వెనకవారూ స్నేహితులైపోతారు.

ఏడాదంతా అమ్మొచ్చుగా అంటారా... బీరుకి చేదునీ సువాసననీ ఇచ్చే హాప్స్ అనే తీగ పూలను ఇందులో బోలెడన్ని వేస్తారు. అవి బీరునీ పీల్చేసుకుంటాయి కాబట్టి ఖర్చెక్కువ, దిగుబడి తక్కువ. పైగా నిల్వ ఉంచేకొద్దీ ఆ పరిమళం తగ్గిపోతుంది. అందుకే కొద్దిగానే చేసి, తాజాగా ఉండగానే ఖాళీ చేసేస్తారు.

వెనకున్నవారికీ అందాలి కాబట్టి గ్లాసులకీ, లోపల కూర్చునే సమయానికీ పరిమితి ఉంటుంది. అన్నట్టు, ఇందులో ఆల్కహాలు 10 శాతం పైనే. మామూలు బీర్లకు దాదాపు రెట్టింపు. ఎంతసేపు నిలబడినా సరే, కారు నడపాల్సినవారు మాత్రం ఆశ వదులుకోవాల్సిందే!