పాత్రయు వృత్తియు

2004వ సంవత్సరమున వెలువడిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అను ఆన్‌లైన్ ఆటయందు మొదట 9 వృత్తు లుండెను. వాటిలో వారియర్ డాలుపట్టి శత్రువు దెబ్బలను తనవైపు త్రిప్పుకొనగలడు. ప్రీస్టు తోడివారి గాయములు మాన్పును. ఆ ప్రీస్టే ఛాయావిద్య నవలంబించినచో శత్రుసంహారమును గావించును.

మేము స్త్రీలమని తెలియగానే జట్టువారు మాకు గాయములు మాన్పు పనినే యప్పగింపజూచిరి. మేము కల్పించుకొన్న పాత్ర మితభాషిణి, భీరువు, తమ్ముని గోల్పోయినది. అట్టిదానికి యుద్ధమేల యని వారి వాదము. మేము డాలునే కోరితిమి. ఇంకొకరిని గోల్పోరాదను పట్టుదల భీరువునైనను ముందునకు నడుపును. మెత్తని మనసునకు మెత్తని పనియే తగునని యెవరు శాసించిరి? పాత్రకు వృత్తి నెన్నునపు డామె దేనిని గాపాడగోరునో మొదట విచారింపవలెను. ఇంట మనకు పరులు నిర్ణయించు పనులనుగూర్చియు నిట్లే విచారించుట మేలు.