పెద్ద బొట్టు బొమ్మలు

మన బడి పిల్లల ఇళ్ళలో చాలావాటిలో గోడ మీద ఒక బాపు బొమ్మ ఉంటుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు చీరల మధ్య పెట్టి, నలగకుండా తెచ్చుకున్నది. బాపు గారంటే మా అందరికీ ప్రాణం. కానీ తెలుగు బొమ్మలంటే అవే, ఆయన తప్ప ఇంకెవరూ లేరు అన్నట్టుగా మన పిల్లలు పెరుగుతున్నారు. అందుకని పోయిన ఏడాది నెలకొక ఆదివారం చివరి అరగంట, మన కాలపు తెలుగు చిత్రకారుల బొమ్మలు చూడడానికి కేటాయించాం. టీచర్లలో ఎవరమూ చిత్రకళ చదువుకున్నవాళ్ళం కాదు. ఇద్దరం సాఫ్ట్‌వేర్, ఒకరు నర్సు, ఒకరు ఫార్మసిస్టు. పిల్లలతో పాటే మేమూ చూశాం.

ముందుగా తోట వైకుంఠం గారి బొమ్మలు తీశాం. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులోనూ, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గరా చదువుకున్నారు. చిన్నప్పుడు ఊరికి వచ్చే నాటకాల వాళ్ళలో ఆడవేషం కట్టిన మగవాళ్ళ అలంకారం చూసి ముగ్ధులైపోయేవారట. 1988లో వచ్చిన ‘దాసి’ సినిమాకి కళాదర్శకత్వం చేసి జాతీయ బహుమతి కూడా అందుకున్నారు. ఆయన వేసే మనుషులు ఎక్కువగా తెలంగాణ పల్లె ఆడవాళ్ళు. నల్లటి ఒళ్ళు, నిండైన విగ్రహం, నుదుటి మీద రూపాయి కాసంత ఎర్ర బొట్టు, ముక్కుపుడక, ఎరుపూ పసుపూ దట్టంగా పులిమిన చీరలు, ఒక్కోసారి పక్కన ఒక చిలక. బాపు గారి అమ్మాయి సిగ్గుపడి పక్కకు చూస్తుంది. ఈవిడ అలా కాదు.

“ఈమెకి కోపమా?” అని ఒక పిల్లవాడు అడిగాడు. ఆరు నెలలు ఉందామని వచ్చిన ఒక అమ్మమ్మగారు ఆ రోజు వెనక కుర్చీలో కూర్చున్నారు. వాళ్ళది కరీంనగర్ వైపే. “కోపం కాదు బిడ్డా, పని మీదున్నది. మా అత్త ఇట్లనే ఉండేది. పొలం పోవాల్నన్నా గింత బొట్టు లేంది గడప దాటకపోయేది” అన్నారు. ఆ తర్వాత పిల్లలు మమ్మల్ని వదిలేసి ఆవిడ చుట్టూ చేరారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

అసలు సంగతి క్రేయాన్ల దగ్గర వచ్చింది. ఇక్కడి క్రేయోలా డబ్బాలో ఒక లేత రంగుకి 1962 దాకా ‘ఫ్లెష్’, అంటే ఒంటి రంగు, అని పేరుండేది. ఆ ఏడాది దాన్ని ‘పీచ్’ అని మార్చారు. రకరకాల ఒంటి రంగులతో వేరే డబ్బా 1992లో వచ్చింది. ఇన్ని మార్పులు జరిగినా, అమ్మ బొమ్మ వేయమంటే మన పిల్లలందరి చేయీ పీచ్ మీదికే పోయేది. వాళ్ళని ఏమనగలం? మనం ఇంట్లో పెట్టే తెలుగు సినిమాల్లో హీరోయిన్లదీ, మధ్యలో వచ్చే ప్రకటనల్లో అమ్మాయిలదీ అదే రంగాయె. వైకుంఠం గారి బొమ్మలు గోడకు అంటించిన వారం, ఎనిమిదేళ్ళ అమ్మాయి ఒకతె తన చేతిని బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది. ఏమీ అనలేదు. వెళ్ళి బ్రౌన్ తెచ్చుకుంది.

తర్వాతి నెల లక్ష్మా గౌడ్ గారిది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మలన్నీ పిల్లలకి చూపించేవి కావు, ఏరి తెచ్చాం! మేకలూ, చెట్లూ, తలపాగాలూ ఉన్న ఎచింగులు. లోహపు రేకుకి మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీసినచోట రేకు తినేస్తుంది. ఆ గాడిలో సిరా నింపి, తడి కాగితం మీద అచ్చు ఒత్తుతారు. మన బడిలో యాసిడ్ కుదరదు కనుక, కాగితం మీద రంగులు పులిమి, పైన నల్ల క్రేయాను దట్టంగా రుద్ది, టూత్‌పిక్‌తో గీయించాం. ముప్ఫై మేకలు పుట్టాయి. కొన్ని కుక్కల్లా ఉన్నాయి.

ఉగాదికి పిల్లల బొమ్మలన్నీ హాల్లో పెట్టాం. ఆ ఎనిమిదేళ్ళ అమ్మాయి వాళ్ళ అమ్మ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. “నన్నెందుకే ఇంత నల్లగా వేశావు?” అన్నారు, నలుగురూ వింటున్నారని కాస్త నవ్వుతూ. ఆవిడ చిన్నప్పుడు తన రంగు గురించి ఎన్ని మాటలు పడ్డారో మాకు తర్వాత చెప్పారు. కూతురికి అదంతా తెలియదు. “ఇలా అయితే బొట్టు బాగా కనిపిస్తుందమ్మా” అంది.

ఈ సంచికలో ఆ బొమ్మ వేసుకోవచ్చా అని అడిగితే ఆవిడ రెండు రోజులు ఆగి సరేనన్నారు. రంగుల పేజీల్లో మొదటిది అదే.