పగ్గము సడలించవలసిన క్షణము



కఠోపనిషత్తు ప్రథమాధ్యాయము తృతీయవల్లియందు యమధర్మరాజు నచికేతునకు చెప్పిన రథకల్పన ఆస్తికులందరికీ పరిచితమే. శరీరము రథము, ఆత్మ రథస్వామి, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు అశ్వములు, విషయములు అవి సంచరించు మార్గములు. ప్రవచనములలో ఈ కల్పనను విన్నవారిలో చాలమంది గ్రహించు అర్థము ఒక్కటే: పగ్గమును బిగించి పట్టవలెను. ఎంత బిగించిన అంత నిగ్రహము, ఎంత నిగ్రహించిన అంత సాధన అని భావింతురు. ఆ భావన సంపూర్ణమేనా? హయత్‌నగర్ వాస్తవ్యుడైన ఒక గృహస్థునకు ఈ ప్రశ్న గ్రంథమునందు ఎదురు కాలేదు. గుర్రము మీదినుండి ఇసుకలో పడినపుడు ఎదురైనది.

సంస్కృతమున హయమనగా గుర్రము. కనుక హయత్‌నగర్ అనగానే సంస్కృతాభిమానులకు అశ్వము స్ఫురించుట సహజము. కాని ఆ పేరు కుతుబ్‌షాహీ రాజకుటుంబమునకు చెందిన హయాత్ బక్షీ బేగము వలన వచ్చినది. హయాత్ అను అరబ్బీ పదమునకు జీవితమని అర్థము. 17వ శతాబ్దమున ఆమె పేరిట వెలసిన మసీదు, దాని చెంతనున్న హాథీ బావి నేటికీ ఆ ఊరికి గుర్తులు. ఈ శబ్దసామ్యము యాదృచ్ఛికమే. అయినను ఈ వృత్తాంతమున అశ్వమునకు, జీవితమునకు నడుమ దూరము పెద్దగా లేదు.

ఆ గృహస్థు గణితోపాధ్యాయుడు. వయస్సు 48 సంవత్సరములు. నిత్యము సంధ్యావందనము, ఏకాదశీ ఉపవాసము తప్పనివాడు. ఆయనకు ఒక్కడే కుమారుడు. రెండేండ్లు హాస్టలులో ఉండి ఇంటర్మీడియట్ చదివిన ఆ బాలుడు, ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష నాటి ఉదయము హాల్ టికెట్టు చేతబట్టుకొని పరీక్షాకేంద్రము గేటు వరకు వెళ్ళి, లోపలికి పోక వెనుదిరిగి వచ్చినాడు. ఎందుకని అడిగిన ఉత్తరము లేదు. ఆరు వారములు తండ్రీకొడుకుల నడుమ మాట లేదు. ఏది చెప్పవలసినను తల్లి ద్వారానే. చివరకు కుమారుడు తల్లితో ఒక్క కోరిక చెప్పినాడు: గుర్రపు స్వారి నేర్చుకొందునని.

తండ్రి సమ్మతించినాడు. అయితే తానును చేరినాడు. వ్యాయామము కొరకని అందరితో అన్నాడు. కుమారుని కనిపెట్టి ఉండుటయే అసలు ఉద్దేశము. పెద్ద అంబర్‌పేట దాటిన తరువాత ఒక చిన్న అశ్వశాల. అక్కడ శిక్షకుడు సైన్యపు అశ్వదళమున పనిచేసి విరమించిన వృద్ధుడు. అందరూ ఆయనను ఉస్తాద్ అని పిలుతురు.

మొదటి నెలలు నడక, దుడుకి, జీనుపై నిలకడ. తరువాత నేలపై పరచిన కర్రల మీదుగా నడిపించుట. అటు పిమ్మట అడ్డముగా అమర్చిన కర్రను గుర్రముతో దూకించుట. తొలి దూకునకు కర్ర ఎత్తు అడుగున్నరకు మించదు. ఆ అడుగున్నర దగ్గర గుర్రము హఠాత్తుగా నిలిచిపోయినది. ఉపాధ్యాయుడు దాని మెడ మీదుగా జారి ఇసుకలో పడినాడు. దెబ్బ తగలలేదు గాని, అవతల కంచె వద్ద కుమారుడు చూచుచున్నాడన్న స్పృహ తగిలినది.

"ఈ గుర్రం మొండిది ఉస్తాద్, వేరేది ఇవ్వండి" అన్నాడు.

"గుర్రం మొండిది గాదు సార్. మీరు కట్టెను చూసిన్రు, అది గూడ కట్టె కాడ్నే ఆగింది. కట్టెను గాదు, అవతల ఆ యాపచెట్టును చూడుండ్రి" అన్నాడు ఉస్తాద్.

ఇందులో రహస్యమేమియు లేదు. రౌతు క్రిందికి చూడగానే తల వంగును, భారము ముందుకు ఒరుగును, కాళ్ళు వెనుకకు జారును. వీపు మీద ఆ మార్పు గుర్రమునకు తత్‌క్షణమే తెలియును. గుర్రపు కన్నులు తలకు ఇరువైపుల ఉండుట చేత అది దాదాపు తన చుట్టూ ఉన్నదంతయు చూడగలదు గాని, సరిగ్గా నుదుటి ముందున్న స్వల్పభాగము దానికి కనబడదు. దూకబోవు క్షణమున ఆ కర్ర దాని దృష్టికి దాదాపు మరుగుపడును. అంతకు ముందు చూచిన స్మృతి, వీపు మీది వానియందు విశ్వాసము, ఈ రెంటి ఆధారముననే అది లేచును. శాస్త్రము శ్రద్ధ అని చెప్పునది ఇట్టిదే. కనబడని చోట అడుగు వేయించునది అదియే. రౌతు తానే సంశయించునపుడు గుర్రమునకు శ్రద్ధ ఎక్కడినుండి వచ్చును?

మరుసటి వారము ఆయన వేపచెట్టును చూచినాడు. గుర్రము దూకినది. కాని ఆ వేగమునకు ఆయన శరీరము వెనుకబడినది. పడిపోదునన్న భయముతో పగ్గములను గట్టిగా లాగినాడు. పడలేదు. కర్ర కూడ పడలేదు. దోషము లేదనుకొని సంతోషించినాడు. మరల తిరిగి వచ్చినపుడు గుర్రము కర్రకు పది అడుగుల దూరముననే నిలిచిపోయినది. ఎంత అదిలించినను కదలలేదు.

ఉస్తాద్ దగ్గరకు వచ్చి గుర్రము మూతిని నిమిరినాడు. "ఇందాక ఇది మంచిగనే దునికింది సార్. దునికినప్పుడే మీరు దీని నోరు గుంజిన్రు. దునికితే నొప్పి అయితదని దీనికి ఎరుకైంది. ఇగ ఎందుకు దునుకుతది?"

ఆ మాట విని ఉపాధ్యాయుడు గుర్రమును చూడలేదు. కంచె వద్ద నిలిచిన కుమారుని చూచినాడు. ప్రతి ఆదివారము హాస్టలునుండి ఫోనులో వారపు పరీక్ష మార్కులు విని తాను అడిగిన ప్రశ్న ఆయనకు జ్ఞాపకము వచ్చినది. 95 వచ్చినవని చెప్పిన నాడు, మిగిలిన 5 ఏమైనవని అడిగినాడు. 98 వచ్చిన నాడు కూడ అదే ప్రశ్న. బాలుడు లేచిన ప్రతిసారి పగ్గము లాగబడినది. ప్రేమలేక కాదు, పడిపోవునేమో అన్న భయము చేత. కాని నోటికి తగిలిన నొప్పి ఒక్కటే. పరీక్షాకేంద్రము గేటు వద్ద నిలిచిపోయినది మొండితనము కాదని ఆయనకు అప్పుడు తోచినది.

ఈ దోషము ఒక వ్యక్తిది మాత్రమే కాదు. ఐరోపా అశ్వదళములన్నియు చిరకాలము ఈ దోషమునే విద్యగా బోధించినవి. అడ్డును దూకునపుడు రౌతు వెనుకకు వాలి పగ్గము లాగవలెనన్నది నాటి పద్ధతి. ఇటలీ సైన్యాధికారి ఫెడెరికో కాప్రిల్లి (1868–1907) రౌతు లేని గుర్రములను దూకనిచ్చి, అవి సహజముగా ఎట్లు లేచునో, ఎట్లు ముందుకాళ్ళపై దిగునో పరిశీలించినాడు. గుర్రమునకు దూకుట తెలియును. ఆటంకము రౌతే అని గ్రహించినాడు. రౌతు ముందుకు వంగి, చేతులను గుర్రపు మెడ వెంట ముందుకు పోనిచ్చి, దాని గతికి అడ్డురాకుండ ఉండు పద్ధతిని నెలకొల్పినాడు. నేడు ప్రపంచమంతట నేర్పునది దాని ఆధారముననే.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. దూకునపుడు పగ్గము సడలింపబడును గాని విడువబడదు. చేయి ముందుకు పోవును; గుర్రపు నోటితో మృదువైన స్పర్శ నిలుచును. బిగింపు హింస, విడుపు ఉపేక్ష. ఈ రెంటి నడుమ ఉన్నది నిగ్రహము. ఉపనిషత్తును ఈ దృష్టితో మరల పరిశీలింపవలెను. అందు ఇంద్రియములు శత్రువులని చెప్పబడలేదు. యుక్తమనస్కునకు అవి సారథికి వశమైన మంచి గుర్రముల వంటివని చెప్పబడినది. అశ్వములను కట్టివేసిన రథము పరమపదమును చేరదు. అది బయలుదేరనే బయలుదేరదు. గీత ఆరవ అధ్యాయమున మనస్సును నిగ్రహించుట వాయువును పట్టుట వలె దుష్కరమని అర్జునుడు మొరపెట్టుకొనగా, భగవానుడు సూచించినవి రెండే ఉపాయములు: అభ్యాసము, వైరాగ్యము. బలప్రయోగము ఆ రెంటిలో లేదు.

అభ్యాసమనగా ఏమో ఉస్తాద్ ఆ దినముననే చూపినాడు. కర్రను పైకెత్తలేదు, దించినాడు. నేలపై పరచి, నడకతో దాటించినాడు. తరువాత జానెడు ఎత్తు. పగ్గముతో పాటు గుర్రపు జూలును కూడ పట్టుకొమ్మన్నాడు. తూలినను చేయి నోటిని లాగకుండుటకు. మన సంప్రదాయమున స్థూలారుంధతీ న్యాయమని దీనినే అందురు. సూక్ష్మనక్షత్రమును చూపుటకు ముందు దాని దాపుననున్న పెద్ద నక్షత్రమును చూపుదురు. అధికారిని బట్టి సాధన. మెట్టు దించుట అవమానము కాదు, గురుకృప.

మరొక విశేషము. ఉస్తాద్ కర్ర దగ్గరి దోషమును గూర్చి ఎక్కువగా మాట్లాడడు. కర్రకు చాలముందున్న మలుపు దగ్గరకు పంపి, అక్కడినుండి మరల రమ్మనును. ఒక దూకునందు ఐదు దశలు కలవు: సమీపించుట, లేచుట, గాలిలో సాగుట, దిగుట, ముందుకు సాగిపోవుట. క్యాంటర్ గతిలో గుర్రపు అంగ ఒక్కొక్కటి సుమారు 12 అడుగులు. మలుపు వంకర అయినచో అంగలు కుదరవు. అంగలు కుదరనిచో కర్ర వద్ద చేయగలిగినది ఏమియు లేదు. వేదపాఠశాలలో అధ్యాపకులు ఎరిగిన సత్యమే ఇది. విద్యార్థి ఒక పదమున స్వరము తప్పినపుడు ఆ అక్షరమును మాత్రమే దిద్దిన ప్రయోజనము తక్కువ. వెనుకనుండి మరల చెప్పింపవలెను. ఊపిరి అక్కడ చెడినది. స్వరము ఇక్కడ తప్పినది. పతనము కనబడు స్థలము వేరు, జనించు స్థలము వేరు. క్రోధము పెల్లుబికిన క్షణమును మాత్రమే తలచి పశ్చాత్తపించు సాధకుడు మలుపును చూడక కర్రను తిట్టువాని వంటివాడు.

పోటీలలో దోషమును గణించు విధానము కూడ గమనింపదగినది. అంతర్జాతీయ జంపింగ్ నియమముల ప్రకారము కర్ర పడినచో 4 పెనాల్టీలు. గుర్రము తొలిసారి నిరాకరించినచో 4. అంతే. రౌతు తరువాతి అడ్డు వైపు సాగిపోవును. 2018 జకార్తా ఆసియా క్రీడలలో రజతము పొందిన ఫవాద్ మీర్జా, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో జంపింగ్ దశయందు కర్రలు పడినను తుదిపోటీకి చేరి 23వ స్థానమున నిలిచినాడు. దోషము లెక్కకు వచ్చును, నిందకు రాదు. పడిన కర్రను వెనుతిరిగి చూచువాడు తరువాతి కర్రను కూడ పడగొట్టును. వైరాగ్యమునకు ఇంతకంటె సులభమైన ఉదాహరణ దొరకుట కష్టము.

మహాభారతమున నలోపాఖ్యానము ఈ సందర్భమున స్మరణీయము. జూదమున రాజ్యము కోల్పోయిన నలుడు బాహుకుడై ఋతుపర్ణునకు సారథ్యము చేసినాడు. తానెరిగిన అశ్వహృదయమునకు బదులుగా ఆ రాజునుండి అక్షహృదయమును గ్రహించినాడు. తనను చెరచిన పాచికలను ఆయన శపించి ఊరకుండలేదు. వాని హృదయమును తెలిసికొన్నాడు. అప్పుడే కలి ఆయన దేహమును విడిచినాడు. దోషమును ద్వేషించినచో అది నిలుచును. తత్త్వతః తెలిసినచో తొలగును.

ఒక సాయంకాలము అశ్వశాలనుండి తిరిగి వచ్చుచు ఉపాధ్యాయుడు బండి ఆపి కుమారునితో, "నీ నోరు నేనే గుంజాను రా నాన్నా" అన్నాడు. బాలుడు చాలసేపు రహదారిని చూచుచుండి, "మీరు ఇంకా కిందికే చూస్తున్నారు నాన్నా, మలుపు దగ్గర" అన్నాడు. ఆరు వారముల మౌనము తరువాత స్వారి విషయములో పొడి మాటలే తప్ప, కుమారుడు తండ్రికి చేసిన తొలి హితవు అది. తండ్రి వాదింపక తల ఊపినాడు.

ఆ సంవత్సరము బాలుడు ఇంజనీరింగులో చేరలేదు, డిగ్రీలో చేరినాడు. తండ్రికి అది ఇంకను పూర్తిగా మింగుడు పడలేదు. అప్పుడప్పుడు చేయి బిగియును. బిగిసినదని ఇప్పుడు ఆయనకు తెలియును, అప్పుడు సడలించును. సాధకులకు ఇదియే పాఠము. రాత్రి శయనించుటకు ముందు ఆ దినపు పతనమును తలచుకొనునపుడు, ఎక్కడ పడితినని మాత్రమే కాక, ఏ మలుపు వద్ద చూపు క్రిందికి దిగినది, ఎవరు లేచుచుండగా నా చేయి బిగిసినది అని కూడ ప్రశ్నించుకొనవలెను. ఉత్తరము లభించిన తరువాత కర్రను కొంత దించి, మరునాడు మరల మలుపునుండి ఆరంభింపవలెను.

స్వస్తి.