స్వప్నకథయు, గాజుకటకమును

మన పింగళి సూరనార్యుడు కళాపూర్ణోదయమును గల్పించిన పదునాఱవ శతాబ్దముననే, 1543లో, భూమి సూర్యుని చుట్టును దిరుగుచున్నదని చెప్పు కోపర్నికసు గ్రంథము యూరపున వెలువడెను. ఇచట కల్పన, అచట శాస్త్రము అని పెద్దలు వేఱుచేసి చెప్పగా వినుచుందుము. కాని యా కాలపు చరిత్రను జదివిన కొలది, ఈ రెండును నొకే యింట బుట్టిన తోబుట్టువులని మాకు దోచుచున్నది.

గ్రహములు దీర్ఘవృత్తములలో సంచరించుచున్నవని 1609లో లోకమునకు దెలిపిన జర్మను జ్యోతిశ్శాస్త్రవేత్త యోహానెస్ కెప్లరు, ఆ ప్రాంతముననే లాటిను భాషలో నొక చిన్న కథను గూడ వ్రాసెను. దాని పేరు ‘సోమ్నియం’, అనగా స్వప్నము. ఐస్‌లాండు ద్వీపమున మూలికలమ్ముకొని జీవించు నొక తల్లి మంత్రబలమున నొక భూతమును రప్పించును. ఆ భూతము చంద్రలోక విశేషములను ఆమెకును, ఆమె కుమారునకును వినిపించును. ఇంతవరకు మన యవ్వలు చెప్పు కథవలెనే యున్నది. కాని యా భూతము పలుకులలో నెక్కువ భాగము గణితమే! చంద్రునిపై పగలు మన పదునాలుగు దినములంత, రాత్రియు నంతియే. మనవైపున నుండు చంద్రలోకవాసులకు మన భూమియే యాకాశమున నొకచోట నిలిచి, వృద్ధిక్షయములు పొందుచు గాన్పించును. తమ నేల కదలుట లేదనియే వారును దలంతురు. భూమి తిరుగుచున్నదన్న నమ్మని వారిని చంద్రునిపై నిలిపి చూపుటకే కెప్లరు కథను జేపట్టెను.

ఆయన తల్లి కతరీనా మూలికావైద్యము నెఱిగిన వృద్ధురాలు. 1615లో నొక పొరుగింటి స్త్రీ యామెను మంత్రగత్తె యని నిందించెను. తన కథ వ్రాతప్రతి చేతులు మాఱి, అందలి తల్లి తన తల్లియే యను వదంతి పుట్టి, ఆ నిందకు దోహదమైనదని కెప్లరు తలంచెను. 1620లో నామెను చెఱబట్టిరి. డెబ్బదియేండ్లు దాటిన యా తల్లి పదునాలుగు మాసములు సంకెళ్లలో నుండెను. కుమారుడు దూరదేశమున నున్న కొలువు నుండి వచ్చి, ఆమె పక్షమున వాదము నడపెను. హింసాసాధనములను జూపి బెదరించినను ఆమె చేయని నేరము నొప్పుకొనలేదు. 1621లో విడుదలయై, మఱుసటి యేట మరణించెను.

పిమ్మట కెప్లరు కథను చింపివేయలేదు. 223 వివరణలను జోడించి, ఏది కల్పనయో, ఏది లెక్కయో విడదీసి చూపెను. ఆయన 1630లో గతింపగా, 1634లో కుమారుడు దానిని ముద్రింపించెను. దోషము కథది గాదు. కథను కథగా నెఱుగలేని వారిదని మా యభిప్రాయము.

మా యింటను ఈ వాదము కలదు. మా యత్తగారు పిల్లలకు రాహుకేతువుల కథ చెప్పుదురు. మావారు బడిపంతులు గావున, పగలు తాము బోధించిన ఛాయను రాత్రి రాహువు మ్రింగుచున్నాడని చమత్కరింతురు. 2025 సెప్టెంబరు 7వ తేది రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణమును మేడమీద నుండి చూచుచుండగా, మా పెద్దమ్మాయి “ఇప్పుడు చంద్రునిమీద నున్నవారికి సూర్యగ్రహణము గదా, నాన్నగారూ!” అనెను. మావారు సంతోషమున మాటాడలేకపోయిరి. మా యత్తగారు మాత్రము “అయితే వారికిని పట్టుస్నానము, విడుపుస్నానము తప్పవు కాబోలు” అనిరి. ఆ పిల్లకు చంద్రునిపై నిలువ నేర్పినది పాఠమా, కథయా? మేము విడదీసి చెప్పజాలము.

కథను నోటితో గాపాడవచ్చును. గాజును గాపాడుటకు చేతులు కావలయును. 1610 జనవరిలో గెలీలియో బృహస్పతి చుట్టును దిరుగు నాలుగు చంద్రులను గనుగొన్న గాజుకటకము, పగిలినదైనను, దంతపు చట్రమున నిమిడి నేటికిని ఇటలీలోని ఫ్లారెన్సు నగరపు మ్యూజియమున నున్నది. ఆ మ్యూజియమునకు 1961 మొదలు 1981లో మరణించువఱకు మరియా లూయిసా రిగీనీ బొనెల్లి యను విదుషీమణి యధ్యక్షురాలు. 1966 నవంబరు 4వ తేదిని ఆర్నో నది పొంగి నగరమును ముంచెత్తెను. మ్యూజియము నది యొడ్డుననే కలదు. అప్పుడామె గెలీలియో దూరదర్శినులను జేతబట్టుకొని, మేడగోడ వెలుపలి సన్నని యంచుపై నడచి, ప్రక్కనున్న యుఫీజీ చిత్రశాలకు జేర్చెను. అడుగు తప్పిన ప్రాణము దక్కదు. ఆ సాధనములను గనిపెట్టినది ఆమె గాదు; ఐనను ఆమెవంటి వారు లేకున్న మన పిల్లలకు మిగులునది పుస్తకములోని పేరు మాత్రమే. 2010 నుండి దానిని గెలీలియో మ్యూజియమని పిలుచుచున్నారు.

సోదరీమణులారా! మన యటుకలపైని తాళపత్రములు, తాతగారి పంచాంగములు, అత్తగారి నోటనున్న కథలు, ఇవన్నియు మన చేతులలోనివే. చెదలు పట్టకమునుపే దింపి, దులిపి, పిల్లలకు జూపుదము. ఇందు కల్పన యేది, లెక్క యేది యని వారినే యడుగుదము. రెండింటిని నెఱిగిన బిడ్డ, కథను ప్రేమించును. ఏ ముసలితల్లిని మంత్రగత్తె యని నిందింపదు.