ఆటలో అరటిపండు

మన చిన్నప్పుడు మరీ చిన్నపిల్లల్ని "ఆటలో అరటిపండు" అనేవాళ్ళం, గుర్తుందా? వాళ్ళు అవుటైనా లెక్క లేదు, గెలిచినా లెక్క లేదు.

పోయిన వేసవిలో మా అమ్మాయి అన్నయ్యతో స్ట్రీట్ ఫైటర్ ఆడటం మానేసింది. "అన్నయ్య కావాలనే ఓడిపోతున్నాడమ్మా!" అని ఒకటే ఏడుపు. "చిన్నదిరా, ఒకటి రెండుసార్లు ఓడిపో" అని వాడికి చెప్పింది నేనే.

ర్యూ చేత హడోకెన్ వేయించాలంటే కిందకి, ఏటవాలుగా, ముందుకి వరసగా తిప్పి పంచ్ బటన్ నొక్కాలి. దాని చిట్టి వేళ్ళకి అది కుదిరేది కాదు.

2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో "మోడర్న్" పద్ధతి ఉంది. ఒక్క బటన్‌తో హడోకెన్ పడుతుంది. కానీ ఊరికే కాదు. అలా వేస్తే దెబ్బ బలం 20 శాతం తగ్గుతుంది, కొన్ని దెబ్బలు అసలు ఉండవు. ఇన్నాళ్ళూ సాధన చేసినవాడి కష్టం వృథా పోదు, కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోరు.

మొన్న ఆదివారం వాడు నిజంగానే ఆడాడు. ఇది నిజంగానే గెలిచింది. వాడి మొహం మాడిపోయింది. అది చూసి దీని మొహం వెలిగిపోయింది.

నేనిచ్చింది అరటిపండు. దానికి కావాల్సింది ఆట.